సంక్రాంతికి ఆగిన నడక



జనవరి 1న మన ఇళ్ళలో చాలామంది నడక మొదలుపెట్టారు. కొత్త షూస్ కొన్నారు. అడుగులు లెక్కపెట్టే యాప్ ఫోన్‌లో పెట్టుకున్నారు. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నారు. పది రోజులు బాగానే సాగింది. ఇంతలో సంక్రాంతి వచ్చింది. ఊరెళ్ళాం. అరిసెలు, సకినాలు, జంతికలు, కనుమ నాడు మాంసం కూర, గారెలు. తిరిగొచ్చాక బరువు చూసుకుంటే తగ్గిందంతా వెనక్కి వచ్చేసింది. ఆ రోజు నుంచి షూస్ చెప్పుల స్టాండు కింది అరలోనే ఉన్నాయి.

ఇది మీ ఇంటి కథలాగే ఉంటే, ఈ నెల వ్యాసం మీకోసమే.

ముందుగా ఒక మాట. నడక ఆగిపోవడానికి కారణం మీకు పట్టుదల లేకపోవడం అని తీర్మానించుకోకండి. ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ, ఉదయం ఏడు గంటల బస్సుకు పిల్లల్ని సిద్ధం చేస్తున్న మనిషికి పట్టుదల లేదని ఎవరంటారు? జరిగిందేమిటంటే, ప్రయత్నం మొత్తాన్ని ఉత్సాహం మీద నిలబెట్టాం. ఉత్సాహం ఎవరికైనా రెండు మూడు వారాలు ఉంటుంది. అది తగ్గిన రోజున కూడా సాగిపోయే ఏర్పాటు ఇంట్లో ఉందా లేదా అన్నదే అసలు విషయం. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో చూద్దాం.

మొదటి వారంలో తగ్గింది ఏమిటి?

చాలామంది మనసు విరిగేది వెయింగ్ మెషీన్ దగ్గరే. మొదటి వారం రెండు కిలోలు తగ్గుతాం. రెండో వారం అర కిలో. మూడో వారం ముల్లు కదలదు. "ఇంత కష్టపడినా ఫలితం లేదు" అనిపిస్తుంది. కానీ ఆ ముల్లు చెప్పేది ఏమిటో తెలిస్తే అంత నిరాశ ఉండదు.

మనం తిన్న అన్నం, రొట్టె వంటి పిండిపదార్థంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలిచి ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గించినప్పుడు ముందు ఈ నిల్వ ఖర్చవుతుంది, దాంతో పాటు నీరూ పోతుంది. మొదటి వారం మురిపించిన తగ్గుదలలో ఎక్కువ భాగం ఇదే.

ఇదే లెక్క పండగకూ వర్తిస్తుంది. శరీరంలో ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కాలరీలు. నాలుగు రోజుల పండగలో రెండు కిలోల కొవ్వు చేరాలంటే, మామూలు భోజనం మీద 15,000 కాలరీలకు పైగా అదనంగా తినాలి. ఎన్ని అరిసెలు తిన్నా అది అంత తేలిక కాదు. పండగ తర్వాత కనిపించిన ఆ రెండు కిలోల్లో చాలా భాగం తీపి వల్ల, ఉప్పు వల్ల నిలిచిన నీరు. మామూలు తిండికి వచ్చాక కొద్ది రోజుల్లో అది తగ్గుతుంది. మనం మాత్రం ఆ కొద్ది రోజులు ఆగకుండా, "అంతా పోయింది" అని నడక మానేశాం. నష్టం చేసింది అరిసెల కంటే ఆ నిర్ణయమే.

నడక చేసే పని, తిండి చేసే పని

ఇంకో లెక్క కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 70 కిలోల బరువున్న మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కాలరీలు. అంటే తిండిలో ఏ మార్పూ లేకుండా నడక ఒక్కదానితోనే కిలో కొవ్వు తగ్గాలంటే 50 రోజులు పడుతుంది. నడిచొచ్చి, ఆ సంతోషంలో దారిలో రెండు మిర్చి బజ్జీలు తింటే ఆ రోజు లెక్క అక్కడితో సరి. బరువు తగ్గించే పనిలో పెద్ద వాటా వంటింటిదే.

మరి నడవడం ఎందుకు? నడక చేసే మేలు ముల్లు మీద కనిపించదు కాబట్టే దాన్ని మనం తక్కువ అంచనా వేస్తాం. మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన ఈ విషయం బాగా చూపిస్తుంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందిని కొన్నేళ్ళ పాటు గమనించింది. ఫలితాలు 2006లో వచ్చాయి. తిండిలో జాగ్రత్త, రోజూ అరగంట చురుకైన నడక పాటించిన వర్గంలో మధుమేహం వచ్చే ముప్పు, ఏ మార్పూ సూచించని వర్గంతో పోలిస్తే 28.5 శాతం తగ్గింది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, వాళ్ళ బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ముల్లు కదలకపోయినా లోపల మేలు జరిగింది.

మధుమేహం లేని కుటుంబాలు మన చుట్టాల్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కేసుకోండి. ఈ ఒక్క సంగతి చాలు, మూడో వారంలో ఆగకుండా ఉండడానికి.

కొలత మార్చుకోండి

పిల్లల చదువు విషయంలో మనం ఏం చెబుతాం? "మార్కుల సంగతి తర్వాత, రోజూ గంట కూర్చో" అంటాం. మార్కులు పిల్లాడి చేతిలో పూర్తిగా ఉండవు, కూర్చోవడం ఉంటుంది. మనకూ అంతే. బరువు మన చేతిలో పూర్తిగా ఉండదు. నీరు, నిద్ర, నెలసరి, మందులు, అన్నీ దాన్ని కదిలిస్తాయి. ఈ రోజు నడిచామా లేదా అన్నది మన చేతిలో ఉంది. కాబట్టి రోజూ కొలవాల్సింది అదే.

వంటింటి గోడ మీద ఉన్న క్యాలెండర్ తీసుకోండి. నడిచిన రోజు గడిలో ఒక టిక్కు పెట్టండి. అంతకు మించి ఏమీ రాయనక్కర్లేదు. బరువు వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినక ముందు చూసుకుంటే చాలు. ఒక వారం అంకెను పక్క వారంతో పోల్చకండి, నెల క్రితం అంకెతో పోల్చండి.

నడుము చుట్టుకొలత నెలకు ఒకసారి చూసుకోవడం ఇంకా మంచిది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మన దేశంలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. మన శరీర తత్వంలో కొవ్వు పొట్ట చుట్టూ ఎక్కువగా చేరుతుంది. బరువు మామూలుగానే ఉన్నా పొట్ట ఉండడం మంచి సూచన కాదు.

నడకను బస్సుకు కట్టేయండి

"వీలు చూసుకుని నడుస్తాను" అనుకుంటే వీలు ఎప్పటికీ కుదరదు. ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి నడకను జత చేయండి. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించడం అలాంటి పని. బస్సు కదిలిన వెంటనే, ఇంటికి తిరక్కుండా, అక్కడి నుంచే నడక మొదలుపెట్టండి. షూస్ వేసుకునే బస్ స్టాప్‌కు వెళ్ళండి. ఇంట్లోకి వెళ్ళి "ఒక్క కప్పు టీ తాగి వెళ్దాం" అనుకున్నామంటే ఆ రోజు నడక అయిపోయినట్టే. ఆఫీసుకు తొందరగా వెళ్ళేవారు రాత్రి భోజనం ముగించి కంచాలు తీశాక పది పదిహేను నిమిషాలు నడవొచ్చు. భోజనం తర్వాత నడిస్తే రక్తంలో చక్కెర మరీ పెరగకుండా ఉండడానికి కూడా సాయపడుతుంది.

ఇలా జత చేసిన పని అలవాటుగా మారడానికి ఎంతకాలం పడుతుంది? "21 రోజులు" అని చాలాచోట్ల వింటుంటాం. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి చూస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే కుదిరింది, కొందరికి 254 రోజుల వరకు పట్టేలా ఉందని అంచనా వేశారు. ఆ పరిశోధనలో తేలిన ఇంకో విషయం మనకు ఎక్కువ పనికొస్తుంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడం దెబ్బతినలేదు.

కాబట్టి రెండు నియమాలు పెట్టుకోండి.

మొదటిది: ఒక రోజు తప్పితే తప్పనివ్వండి, వరసగా రెండు రోజులు తప్పనివ్వకండి. పెళ్ళి, జ్వరం, ఆడిట్, చుట్టాలు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. తప్పిన రోజుకు ప్రాయశ్చిత్తంగా మర్నాడు రెండింతలు నడవడం, ఉపవాసం చేయడం అక్కర్లేదు. మర్నాడు మామూలుగా నడిస్తే చాలు.

రెండోది: ఏమీ చేయాలనిపించని రోజుకు ఒక చిన్న కొలత ముందే అనుకుని ఉంచుకోండి. పది నిమిషాలు. వీధి చివర వరకు వెళ్ళి రావడం. ఆ పది నిమిషాలకు కూడా పూర్తి టిక్కు పెట్టండి. ఆ రోజు ఖర్చయిన కాలరీలు తక్కువే, కానీ నడిచే వేళ చెదరలేదు.

రోజుకు 10,000 అడుగులు నడిస్తేనే లెక్క అని కూడా చాలామంది దిగులు పడతారు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరుకు అర్థమే "పదివేల అడుగుల మీటరు". ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున. దాంతో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటుంది. ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో అది మొదలుపెట్టవచ్చు.

వంటింట్లో నాలుగు మార్పులు

తిండి విషయంలో మనం చేసే పెద్ద పొరపాటు, మొత్తం ఒకేసారి మార్చేయడం. ఓట్స్, గ్రీన్ టీ, సలాడ్ అని సరుకుల చీటీ రాస్తాం. ఇంట్లో అందరికీ ఒక వంట, మనకొక వంట. నాలుగో రోజుకు వండేవాళ్ళకు విసుగు, తినేవాళ్ళకు నీరసం. మన వంట మనమే తింటూ చేసుకోగలిగిన మార్పులైతేనే నిలుస్తాయి.

ఒకటి, కంచంలో వాటాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం రోజు మొత్తం తిండిలో సుమారు సగం కూరగాయలు, పళ్ళు ఉండాలి. మన కంచంలో సగానికి పైగా అన్నమే ఉంటుంది. అన్నం మానేయకండి, వరస మార్చండి. ముందు కూర, పప్పు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. దొండకాయ, బీరకాయ, గోంగూర, తోటకూర, ఏదైనా సరే, అన్నంలో నంజుకునేంత కాకుండా కూరలాగా తినండి.

రెండు, నూనె. అదే సంస్థ 2,000 కాలరీల నమూనా భోజనంలో నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చూపింది. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. రోజూ చెంచాతో కొలవడం ఎవరివల్లా కాదు. నూనె ప్యాకెట్టు తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి. నెలాఖరుకు ఎన్ని అయ్యాయో లెక్క చూడండి. ఆ లెక్క చూశాక వచ్చే నెల మూకుడులో నూనె దానంతటదే తగ్గుతుంది.

మూడు, టీ. రోజుకు మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 30 గ్రాములు, 120 కాలరీలు. కప్పుకు ఒక్క చెంచాకు తగ్గిస్తే నెలకు 1,800 కాలరీలు మిగులుతాయి. ఒకేసారి మానేస్తే తలనొప్పి, చిరాకు. రెండు వారాలకు అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

నాలుగు, మిగిలిన తిండి. ఇది ముఖ్యంగా అమ్మలకు. పిల్లల కంచంలో వదిలేసిన సగం దోశ, లంచ్ బాక్సులో తిరిగొచ్చిన పులిహోర, గిన్నె అడుగున మిగిలిన పప్పన్నం "పారేయడం ఎందుకు" అని మీ కడుపులోకే వెళ్తున్నాయి. దాన్ని భోజనంగా మీరు లెక్కపెట్టరు, శరీరం లెక్కపెడుతుంది. పిల్లలకు మొదట తక్కువ పెట్టి, అడిగితే మళ్ళీ వడ్డించండి. తినడానికి కూర్చున్నప్పుడు మీరూ ఒక కంచం పెట్టుకుని కూర్చోండి. నిలబడి తినే తిండి తగ్గితే సగం పని అయినట్టే.

వీటన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ నెలకు ఒక్కటి. అది పట్టుబడ్డాక రెండోది.

పిల్లలు వింటున్నారు

ఇప్పుడు ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన మాట.

అద్దం ముందు నిలబడి "ఛీ, ఎంత లావయ్యానో, ఈ చీర అసలు బాగోలేదు" అని మీరు అన్నప్పుడు, పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న మీ అమ్మాయి వింటోంది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉంది. తన శరీరం కూడా మారుతోంది. శరీరాన్ని ఎలా చూసుకోవాలో ఆమె నేర్చుకునే మొదటి పాఠం మీ మాటే. "కాస్త తగ్గరా, ఫొటోలో నువ్వే నిండిపోయావు" అని పిన్ని సరదాగా అన్నప్పుడు మీ అబ్బాయి నవ్వేస్తాడు. మర్నాడు ఆటల పీరియడ్‌లో గట్టు మీద కూర్చుంటాడు.

అందుకే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకుందాం. పిల్లల ముందు ఎవరి బరువు గురించీ వ్యాఖ్యలు వద్దు, మన బరువు గురించి కూడా. "లావు తగ్గడానికి నడుస్తున్నా" అనే బదులు "నడిస్తే రాత్రి నిద్ర బాగా పడుతోంది", "మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు" అనండి. రెండూ నిజమే, పైగా రెండోది పిల్లలకు పనికొచ్చే నిజం.

పిల్లల్ని మీ డైట్‌లో చేర్చకండి. ఎదిగే వయసులో బరువు పెరగడం సహజం, అవసరం. బిడ్డ బరువు గురించి అనుమానం ఉంటే పిల్లల డాక్టరు దగ్గర ఎత్తుతో, వయసుతో కలిపి చూపించండి. పూట తిండి మాన్పించడం, ప్రోటీన్ పొడులు కొనడం సొంతంగా చేయవద్దు. పిల్లలకు కావాల్సింది ఆట. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు శరీరం కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరీక్షల నెల అని ఆ గంటను ముందుగా కోసేస్తుంటాం. దయచేసి అలా చేయకండి. సాయంత్రం అరగంట షటిల్ ఆడి కూర్చున్న పిల్లలు పుస్తకం ముందు కునుకు తీయరు.

మార్చి వస్తోంది

వచ్చే నెల నుంచి పరీక్షలు. ఒక పేపరు పాడైతే పిల్లలకు మనం చెప్పే మాట అందరికీ తెలిసిందే: "అయిపోయింది వదిలేయ్, రేపటిది చూడు." సంక్రాంతికి ఆగిన నడకను ఈ నెలలో మళ్ళీ మొదలుపెడితే, ఆ మాటను మీరు చేసి చూపించినట్టు. మీరు మొదలుపెట్టడం పిల్లలు చూశారు, ఆపడమూ చూశారు. ఆగిన పనిని పెద్దవాళ్ళు సిగ్గుపడకుండా మళ్ళీ ఎత్తుకోవడం చూడడం వాళ్ళకు అరుదుగా దొరికే పాఠం.

ఒక హెచ్చరిక. మధుమేహానికి, బీపీకి మందులు వాడుతున్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తిండి తగ్గించే ముందు, వ్యాయామం పెంచే ముందు తప్పకుండా డాక్టరును అడగండి. చక్కెర మందులు వేసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆగి, వైద్య సహాయం తీసుకోండి.

ఈ నెల పెద్దవాళ్ళ హోంవర్క్

1. ఈ రాత్రే షూస్ కింది అరలోంచి తీసి, గుమ్మం పక్కన పెట్టండి.
2. నడకను ఏ పనికి జత చేస్తారో నిర్ణయించుకుని, ఇంట్లో అందరికీ చెప్పండి.
3. వంటింటి మార్పుల్లో ఒక్కటి ఎంచుకోండి.
4. క్యాలెండర్‌లో టిక్కు పెట్టే పని మీ పిల్లలకు అప్పగించండి. మీ హోంవర్క్ చూసి సంతకం పెట్టే అవకాశం వాళ్ళకు రోజూ రాదు.

నెలాఖరుకు ఎన్ని గళ్ళు నిండాయో లెక్కపెట్టండి. పదిహేను నిండినా బాగున్నట్టే. జనవరిలో పది దగ్గరే ఆగాం కదా.